పద్దెనిమిది కన్నాల పెట్టె

ఆ మంగళవారం ఉదయం ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు బూషైబ్ దగ్గర ఉన్నవి ఇవి: జేబులో ఏడు వేల దిర్హాములు, మేడమీద పావురాల్ని తోలేసి ఖాళీ చేయించిన గది, చప్పుడు మారుమోగకుండా ఆ గది గోడలకు మేకులు కొట్టి తగిలించిన పదకొండు గొర్రెతోళ్ళు, రంజాన్ రావడానికి ఇంకా పన్నెండు రోజుల గడువు. వీటన్నిటికీ అడుగున పోయిన శీతాకాలం నుంచీ పేరుకున్న కోపం. మిగతావన్నీ ఖర్చయ్యేవే. కోపం ఒక్కటే వాడినకొద్దీ పెరిగేది.

కోపం బెన్నాసర్ మీద. కాసాబ్లాంకా నడిబొడ్డున అద్దాల తలుపుల స్టూడియో ఉంది అతనికి. మూడేళ్ళ కిందట బూషైబ్ అక్క తామూ తన మేళంతో వెళ్ళి అక్కడ ఒక రోజంతా పాడింది. తామూ షేఖా, పెళ్ళిళ్ళలో మేళం కట్టి పాడే మనిషి. మేళంలో తనతో కలిపి ఏడుగురు: తనూ, వంత పాడే రఖియా, యమ్నా, ఫిడేలును మోకాలి మీద నిలబెట్టి వాయించే కబ్బూర్, తీగల లోతార్ వాయించే అల్లాల్, డప్పుల మీద ఇద్దరు అన్నదమ్ములు. బెన్నాసర్ ఆరు వేలిచ్చి, ఆలివ్‌కాయలు వేసి వండిన కోడికూర పెట్టి, ఫ్రెంచిలో ఉన్న కాగితం మీద తామూ చేత వేలిముద్ర వేయించుకున్నాడు. ఆ కోడి ఖరీదెంతో మొన్న శీతాకాలంలో తెలిసింది. పక్క వీధి పెళ్ళిలో తామూ పాడిన వీడియోని పెళ్ళివాళ్ళు నెట్‌లో పెడితే రెండో రోజుకే ఆ సైటువాళ్ళు తీసేశారు. ఈ పాట హక్కులు బెన్నాసర్‌వి, మీకు లేవు అని నోటీసు.

అది తామూ సొంతంగా కట్టిన పాట. వాళ్ళ పేటలో గుడిసెలు కూల్చడానికి యంత్రాలొచ్చిన రోజు మీద కట్టింది. కూల్చింది ఆమె గుడిసె, పాడింది ఆమె గొంతు, హక్కు మాత్రం బెన్నాసర్‌ది.

"నా గొంతు నాది కాదట్రా తమ్ముడూ?" అని అడిగింది తామూ. ఏడవలేదు. ఏడ్చినా బూషైబ్ కోపం అంత పెరిగేది కాదు.

ఇద్దరూ బెన్నాసర్ దగ్గరికి వెళ్ళారు. అతను టీ తెప్పించి, లల్లా అంటూ మర్యాదగా పిలిచి, నవ్వుతూ మాట్లాడాడు. "రంజాన్ లోపల ఇంకో పది పాటలు పాడి, అదే కాగితం మీద ఇంకోసారి వేలు వెయ్యి లల్లా తామూ. రంజాన్ అయ్యాక పెళ్ళిళ్ళ కాలం. ఫోన్లో ఎవరి గొంతు వినపడితే వాళ్ళకే పెళ్ళిళ్ళు. నువ్వు కాదంటే నీ పాటలే ఇంకొకావిడ చేత పాడిస్తాను. నాకేం నష్టం?"

బయటికొచ్చి బూషైబ్ ఒట్టు వేశాడు. అక్క బొటనవేలు మళ్ళీ ఆ కాగితాన్ని తాకదు. పాట ఇంట్లోనే రికార్డు చేస్తారు, అక్క పేరు మీదే బయటికి వదుల్తారు, అదీ రంజాన్ నెలవంక కనపడే లోపల.

పెళ్ళిళ్ళకు మైకులు అద్దెకిచ్చే పక్కింటాయన ఏడు మైకులు ఊరికే ఇస్తానన్నాడు. తామూ కూతురు హస్నా కాల్ సెంటర్లో పని చేస్తుంది. కంప్యూటర్ ఆమెది, పని కూడా ఆమెకు తెలుసు. ఇక కావలసింది ఒకటే. మైకుల్లోంచి వచ్చే గొంతుని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె. డబ్బా మీద ఆడియో ఇంటర్‌ఫేస్ అని రాసి ఉంటుంది, బజారులో అందరూ సౌండ్ కార్డ్ అంటారు.

మేళంలో ఒక కట్టుబాటుంది. వచ్చినదాంట్లో తలకో వాటా. డబ్బే కాదు, పెళ్ళివారిచ్చే పంచదార దిమ్మ దగ్గర్నుంచి కారులో కిటికీ పక్క సీటు దాకా అంతే, వంతులే. ఒకరికి సగం, ఒకరికి మొత్తం అనే మాట వస్తే ఆ రోజుతో మేళం విడిపోయినట్టే. అందుకే పెట్టె సంగతి రాగానే రఖియా నడుం మీద చెయ్యేసుకుని అడిగింది. "ముందే చెప్పు బూషైబ్. మైకులు ఎవరెవరికి?"

"తలకో మైకు, మైకుకో కన్నం," అన్నాడు బూషైబ్. "నా మాట మీద."

హస్నా మాత్రం, "మావయ్యా, శనివారం నాకు సెలవు, ఇద్దరం కలిసి వెళ్దాం," అంది. "మైకు గొంతు చీమ గొంతు. దాన్ని పెంచే ఏర్పాటు ఉన్న కన్నం వేరు, మామూలు కన్నం వేరు. అక్కడ ఒక్కటే అడగాలి, నేరుగా ఎన్ని మైకులు గుచ్చొచ్చు అని."

"ముప్పై ఏళ్ళుగా గుండీలు లెక్కపెట్టి బతుకుతున్నానే పిల్లా. కన్నాలు లెక్కపెట్టలేనా?"

నిజమే, బూషైబ్ ఆడవాళ్ళు తొడుక్కునే పొడుగు కఫ్తాన్లకు కుట్టే గుండీలూ పట్టు అల్లికలూ టోకున అమ్ముతాడు. గుండీల అట్టలో రెండు తక్కువైతే చేత్తో ఎత్తి చూసి చెప్పేస్తాడు. పెట్టె విప్పించకుండా సరుకు తీసుకున్న పాపాన పోలేదు. చిన్న వర్తకులు అతని ముందు అట్టలు పరిచే ముందు తామే రెండుసార్లు లెక్కపెట్టుకుంటారు.

దర్బ్ గలేఫ్ బజారులో, రేకుల కింద, మనిషి పక్కకు తిరిగితే తప్ప దూరలేని సందులో జవాద్ కొట్టు. అతన్ని అందరూ ఇంజనీరంటారు. ఏ కాలేజీ అని ఎవరూ అడగలేదు.

"కూర్చో హాజ్," అన్నాడు జవాద్.

"హాజ్ కాదు. ఇంకా మక్కా వెళ్ళలేదు."

"ఈ బేరం చేసి వెళ్తావులే. ఇదిగో, ఇది రెండు కన్నాలది. పద్దెనిమిది వందలు. ఇళ్ళల్లో పాడుకునే కుర్రాళ్ళందరూ ఇదే కొంటారు."

"మావాళ్ళు ఏడుగురు. రెండు కన్నాలేం చేసుకోను, ముక్కులో పెట్టుకోనా?"

కింది అర మీద గీతలుపడిన పాత పెట్టె ఒకటి ఉంది. బూషైబ్ దాన్ని వేలితో చూపించాడు.

"అది పాతది. మూడు వేలు. ఎనిమిది కన్నాలు. నీలాంటివాడికి అదెందుకు? ఇటు చూడు." జవాద్ పై అర మీంచి నిగనిగలాడే డబ్బా దించాడు. డబ్బా మూల పెద్ద ఎర్ర అంకె. పద్దెనిమిది. "పద్దెనిమిది లోపలికి. సీలు తియ్యలేదు. ఆరు వేల రెండొందలు."

బూషైబ్ బుర్రలో తక్కెడ ఊగింది. రెండు కన్నాలు పద్దెనిమిది వందలంటే కన్నం తొమ్మిది వందలు. పాతది కన్నం మూడు వందల డెబ్బై ఐదు, అదీ గీతలతో. కొత్తదాన్ని ఐదు వేల నాలుగొందలకు లాగితే కన్నం మూడు వందలు. ముప్పై ఏళ్ళ వర్తకంలో ఎక్కువ ఉన్నదే చవగ్గా పడటం ఎన్నిసార్లు చూడలేదు!

గంటసేపు బేరమాడాడు. రెండుసార్లు లేచి వెళ్ళాడు, రెండుసార్లూ జవాద్ సందు చివర దాకా వచ్చి చెయ్యి పట్టుకు లాక్కొచ్చాడు. మూడు టీలు అయ్యాయి. ఐదు వేల నాలుగొందల దగ్గర తెగింది.

"విప్పి చూపించు," అన్నాడు బూషైబ్ అలవాటుగా.

"విప్పుతాను. విప్పితే పాత సరుకు కిందే లెక్క, అప్పుడు నువ్వు కొనితీరాలి. విప్పకపోతే, నచ్చకపోయినా ఎవడికైనా కొత్తదని అమ్ముకోవచ్చు నువ్వు. నీ ఇష్టం."

బూషైబ్ విప్పించలేదు. జీవితంలో మొదటిసారి. పైగా అది తెలివి అనుకున్నాడు.

బుధవారం సాయంత్రం మేళమంతా మేడ గదిలో ఉంది. ఏడుగురూ ఏడు చోట్ల కూర్చుని, ఏడు మైకులు ముందు పెట్టుకుని, గొర్రెతోళ్ళ వాసనకు ముక్కులు మూసుకుంటున్నారు.

"ఇది స్టూడియోనా, కసాయి కొట్టా?" అంది రఖియా.

"పాడితే అదే పోతుంది," అన్నాడు అల్లాల్.

"నువ్వు పాడితే గొర్రెలు లేచి పోతాయి."

హస్నా సీలు తెంపి పెట్టె బయటికి తీసింది. ముందు వైపు చూసింది. వెనక్కి తిప్పింది. మళ్ళీ ముందుకు తిప్పింది.

"మావయ్యా, నాలుగే ఉన్నాయి."

"పద్దెనిమిది అని రాసి ఉంది. సరిగ్గా లెక్కపెట్టు."

"నువ్వే పెట్టు. మైకు గుచ్చేవి ముందు నాలుగు. వెనక ఈ నాలుగూ కీబోర్డు లాంటివాటికి, మైకు గుచ్చితే గొంతు వినపడదు. ఈ రెండూ మైకువి కావు. ఈ చిన్న తలుపుందే, దీంట్లోంచి వెలుగు తీగ మీద, అంటే ఆప్టికల్ కేబుల్ మీద, ఎనిమిది వస్తాయి, కాకపోతే అటువైపు ఇంకో పెట్టె ఉండాలి. నాలుగూ నాలుగూ రెండూ ఎనిమిదీ. పద్దెనిమిదికి పద్దెనిమిదీ ఉన్నాయి. మనకి పనికొచ్చేవి నాలుగు."

బూషైబ్ పెట్టె తీసుకుని తనే చూశాడు. చిన్న తలుపుని వేలితో తెరిచాడు. ఎలక కూడా దూరలేని కన్నం. దీంట్లోంచి ఎనిమిది మంది! ముఖం మీదికి రక్తం ఎగజిమ్మింది.

"పోనీ," హస్నా మెల్లిగా అంది, "అమ్మకొకటి, పిన్నులిద్దరికీ ఒకటి, డప్పులకొకటి, ఫిడేలూ లోతారూ కలిపి ఒకటి."

గది ఒక్కసారి లేచింది. మేమిద్దరం కలిపి ఒక మనిషా అని రఖియా. మేం ఒకే తల్లి పిల్లలమైనంత మాత్రాన మా డప్పులు రెండూ ఒకే కన్నంలో పడుకోవాలా అని అన్నదమ్ములు. కబ్బూర్ మాత్రం అరవలేదు. తెల్ల మీసం సవరించుకుని నెమ్మదిగా అన్నాడు.

"బూషైబ్, నలభై ఏళ్ళుగా వాయిస్తున్నాను. మీ అక్క గొంతు ఎటు తిరిగితే నా కమాను అటు తిరుగుతుంది. తలకో కన్నం అన్నావు. ఇప్పుడు నాకు సగమంటున్నావు."

జవాద్ మీద చూపించాల్సిన కోపం బూషైబ్ నాలుక చివర ఉంది. ఎదురుగా దొరికినవాడి మీద పడింది.

"నీ ఫిడేలేమన్నా బంగారమా కబ్బూర్? సగం చాల్లే దానికి! ఆ మాటకొస్తే సగం కూడా ఎక్కువే."

కబ్బూర్ ఫిడేలుని పచ్చ గుడ్డలో చుట్టాడు. చెప్పులు వేసుకున్నాడు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు. తామూ తమ్ముడి వంక చూసింది.

"గుండీలు తప్ప మనుషుల్ని లెక్కపెట్టడం ఎప్పుడు నేర్చుకుంటావురా?"

గురువారం పొద్దున్నే బూషైబ్ జవాద్ కొట్టు ముందు నిలబడ్డాడు. పెట్టెని బల్ల మీద దబ్బున పెట్టాడు.

"ఇది తీసుకో. నా డబ్బు నాకివ్వు."

"సీలు తెంపేశావే!"

"నీ ఇల్లు బంగారం కానూ! నాలుగు కన్నాల పెట్టెని పద్దెనిమిది అని అమ్ముతావా?"

"నేనా? డబ్బా మీద రాసుంది. నాలుగు కాదని నేనన్నానా? మైకువి ఎన్ని అని నువ్వడిగావా? అబద్ధమాడితే నా నాలుక కోసెయ్యి. అయినా నీ ఇబ్బందికి మందుంది." జవాద్ ఇంకో డబ్బా దించాడు. "ఎనిమిది మైకుల పెట్టె. దీన్ని ఆ వెలుగు తీగతో దానికి తగిలించు. మొత్తం పన్నెండు మైకులు. నాలుగు వేలే. ఏనుగుని కొన్నవాడివి అంకుశం దగ్గర ఆగిపోతావా?"

"ఏనుగని చెప్పి తొండం అమ్మావు! మిగతా ఏనుగు ఇప్పుడు విడిగా అమ్ముతున్నావు!"

"గొంతు తగ్గించు. ఇంతకీ ఇదంతా దేనికి, షేఖాల పాటలకేగా? నాలుగు మైకులు ఎక్కువే వాళ్ళకి."

ఆ మాటతో జవాద్ తన బేరం తానే చెడగొట్టుకున్నాడు. బూషైబ్ మరి అరవలేదు. కొట్టు ముందున్న ఎత్తుపీట లాక్కుని, సందుకి అడ్డంగా వేసుకుని, పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కోపాన్ని వృథా చెయ్యకూడదు, సరుకులా కొద్దికొద్దిగా వదలాలి.

మొదట ఒక కుర్రాడొచ్చాడు, మెడలో హెడ్‌ఫోన్లతో. జవాద్ అతని ముందు ఒక డబ్బా పెట్టగానే బూషైబ్ పీట మీంచే పలకరించాడు. "నాయనా, అంకె చూసి మోసపోకు. దీంట్లో మైకులు ఎన్ని గుచ్చొచ్చో విప్పించి లెక్కపెట్టుకో. నేను పద్దెనిమిది కొని నాలుగు పట్టుకెళ్ళాను. ఇదిగో, ముట్టుకుని చూడు." కుర్రాడు ముట్టుకుని చూశాడు. వెళ్ళిపోయాడు.

రెండోవాడు పెళ్ళి వీడియోలవాడు. అతనికీ అదే చెప్పాడు. మూడోసారి వచ్చింది భార్యాభర్తలు. భార్య పెట్టెని అటూ ఇటూ తిప్పి, "చూశావా, నేను చెప్పలా?" అని భర్తని లాక్కుపోయింది. మధ్యాహ్నం నమాజు వేళకి ఆరు బేరాలు పోయాయి.

"నన్ను బతకనివ్వవా?" అన్నాడు జవాద్.

"బతుకు. నేను అడ్డురాలేదు. లెక్క చెబుతున్నానంతే."

పక్క కొట్టువాళ్ళు ముందు నవ్వారు. సందు మొత్తానికి చెడ్డపేరొస్తోందని తర్వాత టీ కెటిల్ పట్టుకుని వచ్చి మధ్యన కూర్చున్నారు. వాళ్ళలో పెద్దాయన, ఫోన్లు బాగుచేసేవాడు, జవాద్‌ని అడిగాడు. "మైకులకని అడిగాడా నిన్ను?"

"ఏడుగురున్నారని అన్నాడు."

"అంటే నీకు తెలుసు."

జవాద్ టీ తాగాడు, జవాబు చెప్పలేదు. ఆ మౌనం విలువ బూషైబ్‌కి తెలుసు. టోకు బేరంలో అలాంటి మౌనం వెయ్యి దిర్హాములు పలుకుతుంది.

ముప్పావు గంట వాదన తర్వాత తేలింది ఇది. జవాద్ కొత్త పెట్టె వెనక్కి తీసుకుంటాడు, కింది అర మీది పాత ఎనిమిది కన్నాల పెట్టె ఇస్తాడు, దానికి కావలసిన పాతకాలపు తీగ ఊరికే ఇస్తాడు, పదిహేను వందలు తిరిగిస్తాడు.

"అప్పుడు ఈ గీతల పెట్టెకి మూడు వేల తొమ్మిది వందలు పడుతుంది," అన్నాడు బూషైబ్. "సరే, కానీ విప్పి చూపించు. ఒక్కో కన్నం చూపించు."

జవాద్ పెట్టెని వెలిగించి మైకు తగిలించాడు. బూషైబ్ మైకు పట్టుకుని మొదటి కన్నానికి, "బెన్నాసర్ దొంగ," అన్నాడు. పచ్చ దీపం వెలిగింది. రెండోదానికి, "జవాద్ వాడి తమ్ముడు," అన్నాడు. వెలిగింది. సందులో జనం పోగయ్యారు. మూడోదానికి ఇద్దరి చుట్టరికం ఎక్కడ కలిసిందో చెప్పాడు. అలా ఒక్కో కన్నానికీ ఒక మెట్టు పెంచుకుంటూ పోయాడు. ఏడోదానికొచ్చేసరికి అన్నది పెద్దాయన చెవులు మూసుకునే మాట. దీపం వెలగలేదు. మళ్ళీ అన్నాడు. వెలగలేదు.

"చూశావా," అన్నాడు జవాద్, "అది కూడా సిగ్గుపడింది."

"సిగ్గు కాదు, చచ్చింది. చచ్చిన గుండీకి నేను డబ్బివ్వను. ఇంకో నాలుగొందలు తియ్యి."

ఎనిమిదోది వెలిగింది. నాలుగొందలు వచ్చాయి. మొత్తం పడింది మూడున్నర వేలు, బతికిన కన్నాలు ఏడు. మేళంలో మనుషులు ఏడుగురు. బూషైబ్ పెట్టెని చంకలో పెట్టుకుని గెలిచినవాడిలా ఇంటికొచ్చాడు.

మెట్ల మీదే రఖియా ఎదురైంది. "ఆ పెట్టె దించకు. కబ్బూర్ బెన్నాసర్ దగ్గరికి వెళ్ళాడు. వేలిముద్ర వేశాడు."

బూషైబ్ అటునుంచటే కబ్బూర్ రోజూ కూర్చునే కాఫీ హోటలుకి వెళ్ళాడు. కబ్బూర్ గోడవారగా కూర్చుని పాలు కలిపిన కాఫీలో చెంచా తిప్పుతున్నాడు. బల్ల మీద పచ్చ గుడ్డ మూట.

"ఎంతిచ్చాడు?"

"రెండు వేలు. నీ అక్క పాటలు పాడటానికి ఎవరో షేఖాని తెస్తాడట. ఆమె వెనక వాయించాలి."

"తామూ అన్నం తిన్నావు నలభై ఏళ్ళు! ఆమె పాటని ఇంకొకత్తె నోట్లో పెడుతుంటే వెనక కూర్చుని వాయిస్తావా? సిగ్గులేదూ?"

కబ్బూర్ చెంచా కింద పెట్టాడు. "ఉంది. నిన్న నీ మేడమీద సిగ్గుపడ్డాను, అందరి ముందూ. నువ్వు నాకు సగం కన్నం ఇచ్చావు బూషైబ్. అతను కుర్చీ ఇచ్చాడు."

"పెట్టె మార్చాను. ఏడున్నాయి ఇప్పుడు. రా."

"కాగితం మీద వేలు పడింది. ఆ కాగితం సంగతి నాకంటే నీకే బాగా తెలుసు."

బూషైబ్ బల్లని తన్నాడు. కాఫీ ఒలికింది. కబ్బూర్ ముందు ఫిడేలు మూటని పైకెత్తి తడవకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు, ఆ తర్వాతే బట్టలు చూసుకున్నాడు. హోటల్లో అందరూ ఇటే చూస్తున్నారు. బూషైబ్‌కి ఇంకా తిట్లున్నాయి, జవాద్ దగ్గర ఖర్చు కానివి. కానీ ఏ తిట్టు ఎత్తుకున్నా తిరిగి తన వైపే తిరుగుతోంది. కాఫీ డబ్బులు బల్ల మీద పడేసి బయటికొచ్చాడు.

శనివారం పది గంటలకి మేడ గదిలో ఆరుగురున్నారు. హస్నా తీగలన్నీ గుచ్చింది. ఏడో మైకు ముందు ఎవరూ లేరు, దాన్ని అలాగే నిలబెట్టింది.

"ఫిడేలు లేకుండా పాటేంటి?" అన్నాడు డప్పు అన్న. "పెళ్ళికొడుకు లేని పెళ్ళి."

"నా లోతార్ లేదా?" అన్నాడు అల్లాల్.

"ఉంది. పెళ్ళికొడుకు మేనమామలా ఉంది."

తామూ నవ్వలేదు. మూలనున్న చెక్క పలక చూపించింది. పెళ్ళిళ్ళలో పాట ముదిరాక దాని మీదికెక్కి పాదాలతో దరువు వేస్తుంది. "అది తీసుకురా. ఆ మైకు వంచి నా కాళ్ళ దగ్గర పెట్టు."

"కాళ్ళకా?" అంది రఖియా. "అయితే కాళ్ళకి విడిగా వాటా ఇవ్వాలా?"

"ఇవ్వు. నీ నోటికి ఇస్తున్నప్పుడు నా కాళ్ళకేం తక్కువ?"

మొదటిసారి పాడినప్పుడు సగంలో పాత సామానులవాడు గాడిద బండితో కిందకొచ్చి కేక పెట్టాడు. బూషైబ్ గోడ మీంచి తొంగి వాడిని నిలువునా తిట్టి పంపాడు. రెండోసారి అల్లాల్ తీగ తెగింది. మూడోసారి తామూ పలక ఎక్కింది.

తీరుగా మొదలుపెట్టింది. యంత్రం వచ్చిందనీ, గోడ పడిందనీ, గోడ మీద పొద్దున్నే ఆరేసిన దుప్పటి దుమ్ములో దొరకలేదనీ. మామూలుగా ఆ చోట కబ్బూర్ ఫిడేలు ఆమె మాట అందుకుని ఏడ్చేది. ఇప్పుడు ఆ చోటు ఖాళీ. తామూ ఖాళీలోకి పాదం మోపింది. ధన్. చెక్క పలక మోగింది. మళ్ళీ ఒక మాట, మళ్ళీ ధన్. డప్పులు ఆ పాదం వెనక పడ్డాయి. రఖియా, యమ్నా గొంతులు చిరిగేట్టు వంత అందుకున్నారు. ఏడ్చే పాట తిట్టే పాట అయింది. చివరికి వచ్చేసరికి ఎక్కడా లేని వేగంలో ఉంది, ఏ గడియారానికీ అందదు. తామూ పలక మీద పాదాలతో ఎవరినో తొక్కుతోంది. బెన్నాసర్‌నో, యంత్రాన్నో, కబ్బూర్‌నో. కొంత తననీ తొక్కుతోందని బూషైబ్‌కి తెలుసు. తలుపు దగ్గర నిలబడి కదల్లేదు.

పాట ఆగింది. హస్నా తెర మీద ఏడు గీతలూ ఆగాయి.

"మళ్ళీ పాడనా?" తామూ ఎగశ్వాసతో అడిగింది.

"వద్దమ్మా. మళ్ళీ పాడితే ఈ కోపం రాదు."

ఆ వారంలో మిగతా పాటలూ అయ్యాయి. రంజాన్‌కి మూడు రోజుల ముందు తామూ పేరు మీద పాట బయటికి వెళ్ళింది. మర్నాడు బెన్నాసర్ ఫోన్ చేశాడు. తామూ అందరికీ వినపడేట్టు పెట్టింది.

"ఈ పాట నాది లల్లా తామూ. తీయిస్తాను."

"ఆ కాగితాన్ని నా మేనకోడలి వకీలు చదివాడు. నీ గదిలో పాడింది మాత్రమే నీదని రాసుంది, ఆ పెళ్ళి వీడియోని నువ్వు ఊరికే బెదిరించి తీయించావు. నా గదిలో పాడింది నాదే." మేనకోడలూ లేదు, వకీలూ లేడు. కాగితాన్ని చదివించుకున్నది హస్నా, కాల్ సెంటర్లో ఫ్రెంచి వచ్చిన స్నేహితురాలి చేత. కానీ వకీలంటే బరువు.

బెన్నాసర్ మాట మార్చాడు. "ఫిడేలు లేని పాట ఎవడు వింటాడు?"

"నువ్వు వింటున్నావుగా," అని తామూ ఫోన్ పెట్టేసింది.

నెలవంక కనపడిన సాయంత్రం బూషైబ్ మేడ గదిలో ఒక్కడే కూర్చుని లెక్క చూసుకున్నాడు. ఏడు వేలతో బయలుదేరాడు, మూడున్నర వేలు మిగిలాయి. కన్నాలు ఎనిమిది, ఒకటి చచ్చింది, ఒకటి కాళ్ళకు పోయింది. పండగ తర్వాతి నెలకి పెళ్ళిళ్ళు నాలుగు కుదిరాయి, నాలుగింట్లోనూ ఫిడేలు ఏదీ అని అడిగారు. నలభై ఏళ్ళ ఫిడేలు ఖరీదు, కన్నం మూడు వందలు అని వేసుకున్న లెక్కలో ఎక్కడా లేదు, ఇప్పుడు ఎంత వెతికినా దొరకదు. కోపం సగానికి సగం మిగిలింది, అది బెన్నాసర్ మీద కాదు, తన మీదే. గొర్రెతోళ్ళు పదకొండూ ఉన్నాయి. వాసనా ఉంది. కింద వంటింట్లో తామూ రేపటి ఉపవాసం విప్పడానికి పిండి కలుపుతోంది, మోచేతుల దాకా పిండే. ఆమె బొటనవేలికి సిరా అంటలేదు.